పొట్ట లోపలికా, బయటికా?

పేరు బయటపెట్టవద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆరు పేజీలు రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు 46 ఏళ్లు. బడిలో లెక్కల టీచరు. రోజుకు ఐదారు గంటలు నిలబడే ఉంటారు. ఇద్దరు పిల్లలు. రెండూ మామూలు కాన్పులే గానీ, మొదటిసారి ఫోర్సెప్స్ (పట్టకారు లాంటి పరికరం) వేసి బిడ్డను తీశారు. నడుంనొప్పి ఏడేళ్లుగా ఉంది. దానికోసం చూపించుకున్న చోట పొట్టను లోపలికి లాక్కుని, తోక ఎముకను కిందికి ముడిచి నిలబడమని చెప్పి, నడుంకు బెల్టు ఇచ్చారు. రెండేళ్లుగా ఆ బెల్టు లేకుండా ఆమె బడికి వెళ్లింది లేదు.

ఎనిమిది నెలల కిందట ఇంట్లో పుస్తకాల బీరువాను ఒక్కరే జరపబోయారు. లోపల ఏదో జారినట్టనిపించింది. మర్నాడు స్నానం చేస్తుంటే యోని దగ్గర మెత్తగా, ఉబ్బెత్తుగా ఏదో చేతికి తగిలింది. క్యాన్సర్ గడ్డేమోనని మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా భయంతో గడిపారు. చివరికి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే గర్భసంచి, మూత్రసంచిని మోసే యోని ముందు గోడ కిందికి జారాయనీ, రెండో దశలో ఉందనీ తేలింది. ప్రమాదమేమీ లేదు, కెగెల్ వ్యాయామాలు (కటి అడుగు కండరాలను బిగించి వదిలేవి) చేయండి, మరీ ఇబ్బందైతే గర్భసంచి తీసేద్దాం, నడుంనొప్పి కూడా పోవచ్చు అన్నారట. ఐదు నిమిషాల్లో మాట్లాడడం అయిపోయింది.

తర్వాత తెలిసినావిడ ఒకరు, బెల్టు ఇచ్చిన చోట చెప్పినదానికి పూర్తిగా ఎదురు సలహా ఇచ్చారు. పొట్టను వదిలేయాలి, నడుంను లోపలికి వంచి పిరుదులను వెనక్కి పెట్టి, ఛాతీ ఎత్తి నిలబడాలి, కుర్చీ వీపుకు ఎప్పుడూ ఆనుకోకూడదు. ఇలా చేస్తే జారినవన్నీ తమంతట తామే పైకి వెళ్లిపోతాయి, ఆపరేషన్ జోలికి పోవద్దు అని. ఈమె రెండు నెలలు అలాగే చేశారు. కింద బరువు కాస్త తగ్గినట్టనిపించింది గానీ నడుంనొప్పి రెట్టింపయింది. ఇప్పుడు నడక మానేశారు. చేతిసంచి కూడా పిల్లలతో మోయిస్తున్నారు. నాలుగు కిలోలు పెరిగారు, మలబద్ధకం మొదలైంది. రోజుకు పదిసార్లు చేత్తో తడిమి చూసుకుంటున్నారు. భర్తకు విషయం చెప్పలేదు. దగ్గరికి రానివ్వడం లేదని ఆయన నొచ్చుకుంటున్నారు.

‘ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? సరిగ్గా నిలబడితే ఇది తగ్గుతుందా? గర్భసంచి తీయించుకుంటే నడుంనొప్పి పోతుందా? పాఠం చెబుతూ కూడా నా నడుం ఎలా ఉందో అనే ఆలోచిస్తున్నాను. మొన్న బోర్డు మీద సులువైన భాగహారం తప్పు వేశాను’ అని ముగించారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ భాగహారమే. జారిన గర్భసంచి మీకు చేసిన నష్టం కన్నా, దాన్ని కాపలా కాయడం వల్ల మీకు జరుగుతున్న నష్టం ఎక్కువగా కనిపిస్తోంది. అందుకే మీ మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేస్తాను. ఆ ఇద్దరి మాటల్లోనూ ఒక నిజం ముక్క ఉంది. ఇద్దరూ దాన్ని రోజంతా మోయాల్సిన బరువుగా చేసి మీకు అప్పగించారు. ఒకరు పొట్టను బిగించమన్నారు, ఒకరు నడుంను బిగించమన్నారు. మీరు శ్రద్ధగల మనిషి కాబట్టి రెండూ బిగించారు.

మొదట, లోపల ఏం జరిగిందో చూద్దాం. గర్భసంచి, మూత్రసంచి, పెద్దపేగు చివరి భాగం కటిలో రెండు రకాల ఆధారం మీద ఉంటాయి. పైనుంచి, పక్కలనుంచి పట్టి ఉంచే బంధనాలు ఒకటి. కింద జోలెలా పరచుకుని ఉండే పెల్విక్ ఫ్లోర్ కండరాలు రెండోది. ఉట్టి మీద కుండను ఊహించుకోండి. కింద చెయ్యి పెట్టి మోస్తున్నంతసేపూ తాళ్ల మీద బరువు పడదు. చెయ్యి తీసేస్తే తాళ్లే మోయాలి, ఏళ్ల తరబడి మోస్తే సాగుతాయి. కాన్పులో ఆ కింది కండరాలు చాలా సాగుతాయి. ఫోర్సెప్స్ వేసిన కాన్పుల్లో కండరం ఎముక దగ్గర ఊడిరావడం కూడా మామూలు కాన్పుల కన్నా ఎక్కువగా జరుగుతుంది. అంటే మీ కథ బీరువాతో మొదలవలేదు. తాళ్లు ఎప్పటినుంచో సాగుతున్నాయి. ఆ రోజు మీకు తెలిసింది, అంతే. ‘నేనే చేజేతులా తెచ్చుకున్నాను’ అని రెండు చోట్ల రాశారు. ఆ మాట కొట్టేయండి.

రెండో దశ అంటే కిందికి దిగిన భాగం యోని ద్వారానికి ఒక సెంటీమీటరు లోపల నుంచి ఒక సెంటీమీటరు బయట వరకు, ఆ మధ్యలో ఎక్కడో ఉందని అర్థం. పిల్లల్ని కన్న స్త్రీలను పరీక్ష చేస్తే చాలామందిలో ఎంతో కొంత జారుడు కనిపిస్తుంది. అందులో చాలామందికి అది ఉందనే తెలియదు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. పొద్దున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా అనిపించడం దీని స్వభావం. రోజంతా నిలబడిన బరువు అది. రాత్రి పడుకుంటే మళ్లీ వెనక్కి తగ్గుతుంది. కాబట్టి సాయంత్రం ఆరింటికి తడిమి చూసి ‘పెరిగింది’ అనుకోవడం, సాయంత్రం పూట నీడ చూసి ‘నేను పొడుగయ్యాను’ అనుకోవడంలాంటిదే.

ఇప్పుడు నిలబడే తీరు సంగతి. మీకు సలహా ఇచ్చినావిడ మాటలో ఉన్న నిజం ఇది. మనం మామూలుగా నిలబడినప్పుడు కటి ఎముకల గిన్నె సమంగా ఉండదు, ముందుకు వంగి ఉంటుంది. నడుంకు రెండు పక్కలా ముందువైపు చేతికి తగిలే ఎముక మొనలూ, పొత్తికడుపు కింద తగిలే ముందు ఎముకా దాదాపు ఒకే నిలువు గీతలో వస్తాయి. గోడకు ఎదురుగా నిలబడితే మూడూ ఇంచుమించు ఒకేసారి గోడకు తగులుతాయన్నమాట. అలా ఉన్నప్పుడు పైనుంచి వచ్చే బరువులో కొంత ముందు ఎముక మీద పడుతుంది, అడుగు కండరాలకు కాస్త ఊపిరాడుతుంది. తోక ఎముకను బలవంతంగా ముడిస్తే గిన్నె సమమై, బరువు నేరుగా కింది ద్వారాల మీదికి వస్తుంది. జారుడు ఉన్న స్త్రీలలో నడుం వంపు తక్కువగా ఉండడం ఎక్కువగా కనిపిస్తోందని 2000 ప్రాంతంలో వచ్చిన కొన్ని అధ్యయనాలు కూడా చెప్పాయి. మీకు కింద బరువు కాస్త తగ్గినట్టనిపించడం భ్రమ కాదు.

అయితే ఆవిడ అక్కడితో ఆగలేదు. నడుం వంపు తగ్గిన వాళ్లలో జారుడు ఎక్కువ అంటే, వంపు పెంచితే జారుడు తగ్గుతుందని అర్థం కాదు. మీరు లెక్కల టీచరు, ఈ తేడా మీకు నేను చెప్పనక్కర్లేదు. సాగిన బంధనం నిలబడే తీరు మార్చినంత మాత్రాన పొట్టిదవదు. ఎముక దగ్గర ఊడిన కండరం ఛాతీ ఎత్తితే తిరిగి అతుక్కోదు. ఒక భంగిమతో జారిన గర్భసంచి స్థానానికి వెళ్లి అక్కడే నిలిచిపోతుందని చూపిన ఆధారమేదీ లేదు. మరి నడుంనొప్పి ఎందుకు పెరిగిందంటే, నడుం కండరాలను ఉదయం నుంచి రాత్రి దాకా బిగబట్టి ఉంచారు కాబట్టి. వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు అలా బాగా వంచి నిలబడినప్పుడు ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. ఏడేళ్లుగా నొస్తున్న నడుం అది. ఊరుకుంటుందా?

ఇక మొదటి సలహా. నేను ఫిజియోథెరపిస్టునే కాబట్టి ఇది ఒప్పుకోవాలి: నాభిని వెన్నువైపు లాక్కోండి అనే మాట మా వృత్తిలో చాలాకాలం మంత్రంలా నడిచింది. వ్యాయామం చేసే పది నిమిషాలు చేయమన్నది కాస్తా, జనం చెవిలో పడేసరికి రోజంతా చేయాల్సిందైపోయింది. నీళ్లు నింపిన రబ్బరు సంచిని మధ్యలో పట్టి నొక్కితే నీళ్లు పైకీ కిందికీ తన్నుకుంటాయి కదా, బిగించిన పొట్ట, దాని మీద బెల్టు కలిసి చేసేది అదే. నడుం పట్టేసిన రోజుల్లో కొద్ది రోజులు బెల్టు పెట్టుకోవడంలో తప్పులేదు. రెండేళ్లు రోజూ పెట్టుకోవడం వల్ల మాత్రం మీ నడుంకు లాభం లేదు, కింద ఉన్న బలహీనమైన చోటుకు అదనపు ఒత్తిడి. అలాగని రేపే తీసి పారేయకండి, భయపడతారు. మొదటి వారం ఇంట్లో ఉన్నంతసేపూ తీసేయండి. తర్వాత వారం బడిలో మధ్యాహ్నం దాకా తీసి చూడండి. నెల రోజుల్లో సంచిలో పెట్టుకుని వెళ్లే స్థితికి వస్తే చాలు.

ఎలా నిలబడాలి మరి? రెండు సలహాలనూ ఒక్క నిమిషం అటు చివరా ఇటు చివరా చేసి చూడండి. తోక ఎముకను పూర్తిగా ముడవండి, తర్వాత పూర్తిగా వెనక్కి నెట్టండి. ఇలా నాలుగైదుసార్లు ఊగి, మధ్యలో ఎక్కడ ఊపిరి పొట్ట దాకా తేలిగ్గా దిగుతుందో అక్కడ ఆగండి. అదే మీ చోటు. నా చోటు, మీ అక్క చోటు వేరుగా ఉండొచ్చు. పిరుదులు బిగించి ఉన్నాయేమో చూసుకోండి, వదిలేయండి. మోకాళ్లను వెనక్కి లాక్ చేయకండి. పక్కటెముకలను ఎత్తిపట్టక్కర్లేదు, అవి కటి మీద కూర్చున్నట్టు ఉంటే చాలు. ఇంతే. దీన్ని గంటకోసారి గుర్తొచ్చినప్పుడు సరిచూసుకుని మరిచిపోవాలి. గుర్తుపెట్టుకుని పట్టుకోవాల్సిన భంగిమ ఏదైనా సరే, అది మంచి భంగిమ కాదని నా అభిప్రాయం.

తరగతి గదిలో మీ సమస్య నిలబడే తీరు కన్నా, ఒకే తీరున ఐదు గంటలు నిలబడడం. కదలని భంగిమ ఎంత చక్కనిదైనా గంటకల్లా నడుంకు శత్రువే. బోర్డు దగ్గర అర అడుగు ఎత్తు పీట ఒకటి వేసుకుని ఒక కాలు దాని మీద పెట్టండి, కాసేపటికి కాలు మార్చండి. పిల్లలు లెక్క చేస్తున్నంతసేపు బల్లకు చేతులు ఆనించి ముందుకు వాలండి. వరుసల మధ్య నడవండి. ఒక పీరియడ్ కూర్చుని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. కూర్చున్నప్పుడు తోక ఎముక మీద జారగిలబడకుండా పిరుదుల కింద తగిలే రెండు ఎముకల మీద కూర్చోండి. ఆధారం లేకుండా నిటారుగా కూర్చున్నప్పుడు అడుగు కండరాలు వంగి కూర్చున్నప్పటి కన్నా ఎక్కువ పని చేస్తాయని పరీక్షల్లో తేలింది. కానీ పని చేసే కండరం అలసిపోతుంది కూడా. కుర్చీ వీపుకు ఆనుకోవడం నేరమేం కాదు. నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టుకుని హాయిగా ఆనుకోండి.

భంగిమ కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది ఊపిరికి. బరువెత్తేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు, ముక్కేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. ఆ క్షణంలో పొట్టలోని ఒత్తిడంతా కిందికి తోస్తుంది. లేచే ముందు ఊపిరి వదలడం మొదలుపెట్టండి, దానితోపాటు అడుగు కండరాన్ని కాస్త పైకి లాగండి, అప్పుడు లేవండి. దగ్గు, తుమ్ము వచ్చే ముందూ అంతే, ముందు కింద బిగించి తర్వాత దగ్గడం. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ చిన్న మెలకువ నేర్చుకున్న పెద్ద వయసు స్త్రీలకు దగ్గినప్పుడు మూత్రం పడడం వారంలోనే తగ్గింది. అది మూత్రం లీకవడం గురించి, జారుడు గురించి కాదు. అయినా సూత్రం ఒకటే కాబట్టి మీకూ చెబుతున్నాను.

మలవిసర్జన దగ్గర మాత్రం వ్యవహారం తలకిందులు. అక్కడ పొట్ట వదలాలి, అడుగు కండరం కూడా వదలాలి. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేలా పెట్టి, మోచేతులు తొడలకు ఆనించి ముందుకు వాలండి. నోరు కాస్త తెరిచి ఊపిరి వదులుతూ ఉండండి. రాకపోతే లేచి వచ్చేయండి, తర్వాత వెళ్లొచ్చు. రోజూ ముక్కడం మీ చేతిసంచి కన్నా ఎన్నో రెట్లు హాని. సంచిని పిల్లలకిచ్చి మలబద్ధకాన్ని మీ దగ్గరే అట్టిపెట్టుకున్నారు! నీళ్లు, పీచు పెంచినా రెండు మూడు వారాల్లో దారికి రాకపోతే డాక్టరునడిగి మందు వాడండి, మొహమాటం వద్దు. మూత్రం పూర్తిగా రాలేదనిపిస్తే కాసేపు లేచి నిలబడి, మళ్లీ కూర్చుని ముందుకు వాలి ప్రయత్నించండి. ముందు గోడ జారిన వాళ్లకు ఇది పనికొస్తుంది.

నడక ఎందుకు మానేశారు? జారుతుందనే కదా. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత వద్దని చెప్పే పనుల్లో చాలావాటికి పొట్టలో పుట్టే ఒత్తిడి కుర్చీలోంచి లేచినప్పుడు పుట్టే దానికన్నా ఎక్కువేం కాదని తేలింది. రోజుకు యాభైసార్లు కుర్చీలోంచి లేచే మనిషి చేతిసంచికి భయపడడంలో అర్థం లేదు. నడక మీ నడుంకు మందు, పెరిగిన నాలుగు కిలోలకూ మందు, పేగు కదలికకూ మందు. పొద్దున పూట, కింద బరువు తక్కువగా ఉన్నప్పుడు పది నిమిషాలతో మొదలుపెట్టండి.

బడి నుంచి వచ్చాక పావుగంట పడుకోండి. తుంటి కింద దిండు పెట్టి, మోకాళ్లు మడిచి, లేదా పిక్కలు కుర్చీ మీద ఆనించి. కింద భారం తేలికవుతుంది, నడుం కూడా సడలుతుంది. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఒప్పుకునే భంగిమ బహుశా ఇదొక్కటే.

ఇక్కడిదాకా చెప్పినవి రోజు గడవడానికి. అసలు నిర్ణయం గురించి నాలుగు దారులున్నాయి, ఏదీ అత్యవసరం కాదు.

ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండడం కూడా ఒక దారే. జారుడు కొందరిలో ఏళ్లపాటు అలాగే ఉంటుంది, కొందరిలో పెరుగుతుంది, ఒక్కోసారి కాస్త తగ్గడమూ ఉంది. అయితే మీరు ఇప్పుడున్న స్థితిలో గమనించడమంటే రోజుకు పదిసార్లు తడమడం అవుతుంది కాబట్టి ఒట్టి ఈ దారి మీకు సరిపడదనుకుంటున్నాను.

రెండోది, కెగెల్ వ్యాయామాలు సక్రమంగా, నాలుగు నెలలు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు వీటిని 1948లో ప్రచారంలోకి తెచ్చారు. పేరు అందరికీ తెలుసు, చేయడం చాలామందికి తెలియదు. ‘చేస్తున్నాను గానీ ఏమీ అనిపించడం లేదు’ అని మీరూ రాశారు. గాలి పోకుండా, మూత్రం పడకుండా ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగాలి. తొడలు, పిరుదులు, పై పొట్ట కదలకూడదు. ఆరు నుంచి ఎనిమిది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, అంతసేపూ పూర్తిగా వదలాలి. వదలడం సగం వ్యాయామం. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రోజుకు మూడు విడతలు. మొదట్లో మూడు లెక్కపెట్టేదాకానే నిలిస్తే అక్కడినుంచే మొదలుపెట్టండి. కొందరు తెలియక పైకి లాగడానికి బదులు కిందికి తోస్తారు, దానివల్ల ఉన్నది చెడుతుంది. అందుకే ఒక్కసారైనా ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు చేత పరీక్ష చేయించుకుని, సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామంగా చేయకండి.

దీనివల్ల ఏమొస్తుందో కూడా నిజాయతీగా చెప్పాలి. 2014లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో జారుడు ఉన్న 447 మంది స్త్రీలను రెండు జట్లుగా చేశారు. ఫిజియోథెరపిస్టు దగ్గర విడిగా నేర్చుకుని వ్యాయామం చేసిన జట్టుకు ఏడాది తర్వాత బరువు, జారిన భావన, ఇబ్బంది తక్కువగా ఉన్నాయి. కొలిచి చూస్తే దశలో మాత్రం పెద్ద తేడా లేదు. అంటే చేతికి తగిలేది అలాగే ఉన్నా, మనిషికి హాయి వచ్చింది. మీరు తడిమి చూసుకునే పద్ధతిలో అయితే ఆ స్త్రీలందరూ ‘ఏమీ తగ్గలేదు’ అనే అనేవారు. కాబట్టి చేతితో కొలవడం మానేసి వారానికోసారి ఒక నోటుపుస్తకంలో మూడు అంకెలు రాయండి: ఆ వారం సాయంత్రాల భారానికి పదికి ఎంత, నడుంనొప్పికి పదికి ఎంత, భయపడి మానేసిన పనులు ఎన్ని. మూడో అంకె మీద నాకు ఎక్కువ ఆసక్తి.

మూడో దారి మీ డాక్టరు చెప్పనిది, లేదా ఆ ఐదు నిమిషాల్లో చెప్పే తీరిక లేనిది. రింగ్ పెసరీ. మెత్తని సిలికాన్ ఉంగరం లాంటిది. యోనిలో లోపల అమర్చితే జారిన భాగాన్ని ఎత్తి పడుతుంది. సరైన సైజు దొరకడానికి ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. కొందరు నేర్చుకుని తామే పెట్టుకుని తీసుకుంటారు, బడి రోజుల్లో మాత్రమే వాడే వీలుంటుంది. తామే తీయలేని వాళ్లు కొన్ని నెలలకోసారి డాక్టరు దగ్గర తీయించి శుభ్రం చేయించుకోవాలి. స్రావం పెరగడం, ఒరుసుకుని పుండవడం లాంటి ఇబ్బందులు రావచ్చు, అందుకే పెట్టించుకుని మరిచిపోకూడదు. వ్యాయామాలతో కలిపి వాడుకోవచ్చు.

నేను దీని గురించి మిమ్మల్ని ప్రత్యేకంగా ఆలోచించమనడానికి ఇంకో కారణముంది. నడుంనొప్పి పోతుందా అనే మీ ప్రశ్నకు చవకగా, కోత లేకుండా జవాబు చెప్పేది ఇదే. జారుడు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా నడుం అడుగున, తోక ఎముక పైభాగంలో, లాగుతున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి పెరిగి, పడుకుంటే పోతుంది. మీ నొప్పి ఏడేళ్ల నాటిది, జారుడు బయటపడింది ఎనిమిది నెలల కిందట. పొద్దున లేవగానే నడుం పట్టేసి ఉంటుందని కూడా రాశారు. అది గర్భసంచి లాగే నొప్పిలా లేదు. రింగ్ పెట్టుకున్న నెల రోజుల్లో నడుంనొప్పి కూడా గట్టిగా తగ్గితే, అందులో జారుడు వాటా ఉందని నమ్మొచ్చు. కింద భారం తగ్గి నడుం మాత్రం అలాగే నొస్తూ ఉంటే, ఆపరేషన్‌తో కూడా అది పోదని ముందే తెలిసిపోతుంది. నూటికి నూరు పాళ్లు రుజువు కాదు గానీ, నిర్ణయానికి ముందు ఇంతకన్నా మంచి సూచన దొరకదు.

ఆపరేషన్ చెడ్డదని నేననను. మూడు నాలుగు దశల్లో, మిగతావి పనికిరానప్పుడు, చేయించుకుని సుఖపడ్డ వాళ్లు చాలామంది. ఒక్కటి మాత్రం అర్థం చేసుకోండి. జారడంలో గర్భసంచి తప్పేమీ లేదు, పట్టి ఉంచేవి వదులయ్యాయి. గర్భసంచిని తీసి వదిలేస్తే పనవదు, యోని పైభాగాన్ని గట్టిగా కట్టాలి, ముందు గోడను సరిచేయాలి. లేకపోతే కొన్నాళ్లకు ఆ భాగమే జారవచ్చు. గర్భసంచిని ఉంచి పైకి కట్టే పద్ధతులూ ఉన్నాయి. సరిచేశాక మళ్లీ జారడమూ కొందరిలో ఉంటుంది. వెళ్తే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఏ భాగాన్ని ఎలా కడతారు, గర్భసంచి తీయడం తప్పనిసరా, అండాశయాలు ఉంచుతారా, మెష్ (ఆధారంగా లోపల కుట్టే వల) వాడతారా, మళ్లీ జారితే ఏం చేస్తారు. జారుడు కోసం యోని మార్గంలో వేసే మెష్‌ల అమ్మకాన్ని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆపించింది కాబట్టి ఆ ప్రశ్న తప్పకుండా అడగండి. ఐదు నిమిషాల్లో ముగిస్తే ఇంకో డాక్టరును చూడండి.

నెలసరి ఆగిపోయాక కణజాలం పలచబడి ఇబ్బంది పెరగవచ్చు. అప్పుడు పూతగా వాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోను గురించి అడగొచ్చు. ఇప్పుడే దాని గురించి బెంగ వద్దు.

మీ వారి సంగతి. కలయిక వల్ల జారుడు పెరగదు. పడుకున్నప్పుడు జారినది చాలావరకు వెనక్కి వెళ్తుంది, ఆయనకు తేడా తెలియకపోవచ్చు కూడా. చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెప్పకపోతే ఆయన తనకు తోచిన కారణం ఊహించుకుంటూ ఉంటారు, ఇప్పటికే ఊహించుకుంటున్నారు. చెబితే మొదట కంగారు పడతారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, వాటిలో రెండు తెలివితక్కువవి ఉంటాయి. నేనైతే రెండోదే తేలికనుకుంటాను. ‘కాన్పుల వల్ల కింద కండరాలు వదులయ్యాయి, ప్రమాదం కాదు, వైద్యం చేయించుకుంటున్నాను’ అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టొచ్చు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాళ్లు బలహీనపడడం, ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడం లేదా మలమూత్రాలు అదుపు తప్పడం నరాల మీద ఒత్తిడికి గుర్తులు, గంటలు కూడా ఆలస్యం చేయకూడదు. జ్వరంతో కూడిన నడుంనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలసరి ఆగాక రక్తం కనిపించడం, బయటికొచ్చిన భాగం పుండవడం కూడా చూపించుకోవాల్సినవే.

చివరగా, ఆ పుస్తకాల బీరువా ఇప్పటికీ గది మధ్యలో అడ్డంగానే ఉందని, దాన్ని చూసినప్పుడల్లా ఏడుపొస్తోందని రాశారు. పుస్తకాలన్నీ తీసేసి, అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని, ఊపిరి వదులుతూ జరపండి. మీ వారికి విషయం చెప్పడానికి అదీ మంచి సమయమే.